తీసేసిన స్టార్లు

యూనివర్సిటీ ముద్ర పడిపోతే ఇక అంతేనా మేడమ్? నా థీసిస్ ఐదు కాపీలూ ఇంకా మీ బల్ల మీదే ఉన్నాయి కదా, కట్టిన దారం కూడా విప్పలేదు. ఒక్క వారం ఇవ్వండి. మళ్లీ ప్రింటు తీయించి తెచ్చి ఇక్కడే పెడతాను.

అట్ట గురించి కాదండీ. అట్ట బాగానే ఉంది. కొంప మునిగింది లోపల.

మీకెలా చెప్పను... ఏడేళ్లుగా నేను పట్టుకు వేలాడింది ఇంగ్లీషులో అసమాపక క్రియల్ని. ఒక పెద్ద క్రియ కింద ఇంకో క్రియ ఉంటుంది చూడండి, దానికంటూ కాలం ఉండదు. ఒక్కోసారి కర్త కూడా పైకి కనబడదు. ఏ క్రియ కింద ఏ రూపం ఇముడుతుంది, ఏది ఇమడదు, లోపలి కట్టుబడి ఏమిటి, అదీ నా థీసిస్. నవ్వండి, పర్లేదు. మా అత్తగారూ నవ్వుతారు. "ఏడేళ్లయినా ఆ 'టు' ఎక్కడ పెట్టాలో తేలలేదుటే అమ్మాయ్?" అని.

మా పనిలో తప్పు వాక్యాలే ప్రాణం మేడమ్. 'షి మేడ్ హిమ్ గో' అని రాస్తాం. దాని కిందే 'షి మేడ్ హిమ్ టు గో' అని రాస్తాం. రెండోది తప్పని చెప్పడానికి ముందు చిన్న స్టార్ పెడతాం. ఎందుకు తప్పో తర్వాత వాదిస్తాం. నాలుగు వందల పన్నెండు స్టార్లు పెట్టాను. పొద్దున నా కాపీ తెరిచి చూస్తే ఒక్కటీ లేదు.

అంటే తప్పులన్నీ నేను ఒప్పంటున్నట్టే కదా. చదివే ముగ్గురు పరీక్షకులూ ఇరవయ్యో పేజీ దాటరు. ఈవిడకి ఇంగ్లీషే రాదని తిప్పి పంపుతారు. నాకిచ్చిన రెండో గడువు కూడా నిన్నటితో అయిపోయింది. ఇక మూడోది లేదని మీరే అన్నారు.

ఎవరు తీశారా? మా ఆయన. నిన్న అత్తగారిని ఆసుపత్రిలో చేర్చాం. పక్కన ఉండాల్సింది కోడలే కదా, కొడుక్కి సూది చూస్తే కళ్లు తిరుగుతాయి. అందుకని ప్రింటు షాపుకి ఆయన వెళ్లారు, కాపీలు తెచ్చి మీకిచ్చిందీ ఆయనే. కీబోర్డులో ఏదో తప్పు నొక్కి పడ్డాయనుకున్నారట. షాపతను అర నిమిషంలో అన్నీ ఊడ్చేశాడట. ఎంత శుభ్రంగా ఉందో చూడు అని మురిసిపోయారు కూడా.

తప్పు తనదని ఆయన చేత ఉత్తరం రాయించి తెస్తే కాపీలు వెనక్కిస్తారా? రాస్తారండీ. పాపం, విషయం తెలిసినప్పటి నుంచీ ముద్ద ముట్టలేదు.

నేనే రాయించలేను.

ఆయన ఊరికే తీయించలేదు మేడమ్. షాపు నుంచి ఫోన్ చేశారు. వాక్యాల ముందు ఈ గుర్తులేమిటి, తీయించెయ్యనా అని అడిగారట. నేనప్పుడు అత్తగారికి ఒళ్లు తుడుస్తున్నాను. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని సరేనండీ అన్నాను. ఏమడిగారో వినలేదు. పెళ్లయి పదకొండేళ్లు. ఆయన మాట పూర్తయ్యేలోపే నా నోట్లోంచి సరే వచ్చేస్తుంది. ఇప్పుడు తప్పు ఎవరిదని రాయించను?

ఒక్క నిమిషం, ఆయనే ఫోను... ఆ, ఇక్కడే ఉన్నాను... ఊఁ... సరేనండీ.

ఏమన్నారా? ఏమో మేడమ్, వినలేదు.