ఎగ్జామినరు గారికి పీతల కూర

హలో… ఆ, నేనేరా, మలర్ అక్కనే. గట్టిగా మాట్లాడు కుగన్, లైన్లో ఒకటే హోరు… ఏంటి?… ఏమొచ్చిందీ?

మళ్లీ చెప్పు. మెల్లగా.

పేరాదెనియా యూనివర్సిటీయా!… ఇంజనీరింగే?… ఉత్తరం చేతిలోనే ఉందా? సరిగ్గా చూశావా, కుగదాసన్ అని నీ పేరే ఉందా?… అయ్యో నా బంగారు కొండా! నా తమ్ముడు ఇంజనీరు!

ఆగాగు, సోమా అక్కకి చెప్పనీ. వంటింట్లోంచి తొంగి చూస్తోంది పాపం, నా కేక విని ఎవరైనా పోయారేమో అనుకున్నట్టుంది…

…చెప్పా. చేతిలో గరిటతోనే దండం పెట్టేసింది. "నీ తమ్ముడు గట్టివాడు నంగీ" అంటోంది. నంగీ అంటే వాళ్ల సింహళంలో చెల్లీ అని. నన్నలాగే పిలుస్తుంది… ఆఁ, ఫోను వాళ్లదే. కింది వాటా వాళ్లది. మా పై వాటాలో ఫోనెక్కడిదిరా, ఇంకా కుర్చీలే రాలేదు! మీ బావా నేనూ ట్రంకు పెట్టె మీద కూర్చుని అన్నం తింటున్నాం. ఒకరు లేస్తే రెండోవాళ్లు పడిపోతారు. నిన్న ఆయన పడ్డారు, పప్పు గిన్నెతో సహా!

నవ్వవేంటిరా?

సరే విను. ఇక్కడ కొలంబోలో కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి. బావి లేదు, చేద లేదు. మొదటి రోజు ఊరికే తిప్పుతూ కూర్చున్నా. పొద్దున్నే రొట్టెలవాడు గంట కొడుతూ వస్తాడు, వేడి రొట్టె మధ్యలో కొబ్బరీ బెల్లమూ పెట్టుకుని… ఇంకా, వంటింటి కిటికీలోంచి మెడ బాగా వంచితే సముద్రం కనిపిస్తుంది! చీర కొంగంత. మీ బావ నాకిచ్చిన పెళ్లి కానుకట అది.

…చెబుతాలేరా, బడి నుంచి రాగానే చెబుతా. ఆయనే ముందు గంతులేస్తారు. "గాలి బుడగ అబ్బాయికి ఇంజనీరింగా!" అంటారు చూడు. నిన్నింకా అలాగే అంటున్నారు. ప్రాక్టికల్స్‌కి ఎగ్జామినరుగా వచ్చి, నీ బ్యూరెట్‌లో గాలి బుడగ వదిలేశావని మార్కులు కోసింది చాలక…

ఏంటి? ఆ మాట ఎత్తొద్దా? ఎందుకు?

కుగన్… ఎందుకలా మాట్లాడుతున్నావ్? పక్కన ఎవరైనా ఉన్నారా?… పోస్టుమాస్టరేగా. మన కందయ్య మామేగా.

చెప్పు.

…ఎవరొచ్చారు?… బడికా? ఇక్కణ్నుంచా, కొలంబో నుంచి?… ఇద్దరు ఆఫీసర్లా. ఏం అడిగారు?

హెడ్మాస్టరు గారిని అడగడమేంటి, కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కి వచ్చిన ఎగ్జామినరు ఎక్కడ దిగాడు, ఎవరింట్లో తిన్నాడు అని… అదేం ప్రశ్నరా? మన ఊళ్లో హోటలుంటే గదా హోటల్లో తినడానికి! ప్రతి ఏడూ ఎవరో ఒకరింటి నుంచి క్యారేజీ వెళ్తుంది. ఆ ముందేడు చెల్లమ్మ టీచరు వాళ్లు పంపారు. ఈ ఏడు బడికి దగ్గరని మనల్నడిగారు. ప్యూను వచ్చి పట్టుకెళ్లాడు. దాన్లో దాచేదేముంది?

ఆ, ఇక్కడా అనుకుంటున్నారులే. నాకు తెలుసు. మీ బావ పనిచేసే బడిలో సింహళ టీచర్లు ఇదివరకు నవ్వులాటకి అనేవారట, "మీ తమిళ తాటిటెంకలు అమ్మ కడుపులోంచే లెక్కల పుస్తకం పట్టుకుని పుడతారు" అని. ఇప్పుడు నవ్వడం లేదట. పుస్తకమూ లేదు పాడూ లేదు, పేపర్లు దిద్దేదీ తమిళాళ్లే, మీవాళ్లకి మీవాళ్లే దోసిళ్లతో మార్కులు పోసుకుంటున్నారు అంటున్నారట. మొన్న బస్సులో నా వెనక సీట్లోనే ఒకావిడ అంది. నాకు అర్థం కాదనుకుంది.

…నేనా? కిటికీలోంచి చూస్తూ కూర్చున్నా. ఏం అంటాను చెప్పు? నేను మాత్రం తక్కువ తిన్నానా? వీళ్లకి పండగలూ డోళ్లూ ఉంటే చాలు, ఇక పుస్తకం ముట్టేదెప్పుడు అని నేను మీ బావతో అనలేదూ? కసిరారులే. "ఆ మాట గుమ్మం దాటనివ్వకు" అన్నారు.

హలో?… ఆపరేటర్! కట్ చెయ్యకండమ్మా, ఇంకాసేపు ఇవ్వండి… ఆ, ఉన్నాను. చెప్పు.

అమ్మనా? అమ్మని కూడా అడిగారా! ఇంటికొచ్చా?

…అమ్మ ఏం చెప్పింది?

ఏం చెప్పింది కుగన్?

…లేదందా? మేమేం పంపలేదు, ఆయనెవరో పెళ్లి మాటలప్పుడే మొదటిసారి చూశాం అందా? సంతకం… వేలిముద్ర కూడా తీసుకున్నారా?

ఎందుకమ్మా, ఎందుకలా చెప్పావు…

ఏడవకని చెప్పు. నాకు కోపం లేదని చెప్పు. ఆవిడకేం తెలుసు, టోపీ పెట్టుకుని ఎవరొచ్చినా పోలీసే అనుకుంటుంది. నీ సీటు పోతుందని భయపడింది. నిజం చెబితే ఏమయ్యేది! ఆయన తిన్నారు. తిని, ఈ కూర ఎవరు వండారని అడిగారు. అంతేగా! నీ పేరు కూడా ఆయనకి తెలీదప్పటికి. పెళ్లిచూపులకి వచ్చినరోజు నువ్వు తలుపు తీస్తే కదా, "గాలి బుడగ నువ్వేనా!" అని ఆయన గుమ్మంలోనే నవ్వారు. నీకు తక్కువ మార్కులు వేశారురా ఆయన! నా పీతలు తిని, నీకు మార్కులు కోశారు. కాగితం మీద ఉంటుంది కదా. చూసుకోమను.

…అవును. అది ఎవరు చూస్తారు. అవును.

కుగన్.

ఒక్క నిమిషం ఆగు. నేనిప్పుడు ఒక మాట చెబుతా, నువ్వు అరవకూడదు.

నేను చెప్పేశానురా.

అదే, పీతల కూర సంగతి. మొత్తం. సోమా అక్క తమ్ముడికి… ఇక్కడికి వస్తూంటాడు, పత్రికలో పనిచేస్తాడు. మొన్న ఆదివారం వరండాలో కూర్చుని టీ తాగుతున్నాం. కొత్త పెళ్లికూతురివి, మీ పెళ్లి ఎలా కుదిరిందో చెప్పమన్నాడు. నేనేమో… నాకు ఆ కథ చెప్పడమంటే ఎంత ఇష్టమో నీకు తెలుసుగా. రొట్టెలవాడికి కూడా చెప్పాను.

నవ్వాడురా. ఎంత బాగా నవ్వాడో. మళ్లీ చెప్పమన్నాడు. మునగాకు వేశావా అని కూడా అడిగాడు. పత్రికలో కొత్త దంపతుల గురించి రాస్తారట, మీది వేస్తే ఎంత ముచ్చటగా ఉంటుందో అన్నాడు. నేను మేడ మీదికి పరుగెత్తి పెళ్లి ఫోటో కూడా తెచ్చిచ్చాను. అందులో నువ్వు పక్కనే ఉన్నావు, దండ పట్టుకుని… ఇతనెవరు అన్నాడు. నా తమ్ముడు, ఆ ప్రాక్టికల్స్ రాసినవాడు ఇతనే అన్నాను.

నేనే చెప్పాను. నా నోటితో.

…లేదు, ఇంకా ఉంది. పెళ్లిలో పిన్ని ఆటపట్టించిన మాట గుర్తుందా? బావ పాయసం గిన్నె దగ్గర పెట్టుకుంటే, "మార్కులిచ్చి పెళ్లాన్ని కొనుక్కున్నావు, ఇంకా పాయసం కూడానా అల్లుడూ!" అంది. పందిరంతా పడీ పడీ నవ్వారు. బావ కూడా నవ్వారు… ఆ. అదీ చెప్పాను. నా వచ్చీరాని సింహళంలో, వేళ్లూ చేతులూ తిప్పి మరీ. అప్పుడు మాత్రం అతను నవ్వలేదు. "ఎవరన్నారు ఆ మాట?" అని అడిగాడు. అది కూడా ముచ్చటే అనుకున్నాను.

పండగనాడు వచ్చిన బంధువుకి చూపించినట్టు అన్నీ చూపించాను కుగన్. పెట్టెలో చీరలు చూపించినట్టు.

అరవకు. అరవొద్దన్నానా.

…సోమా అక్కకేం తెలియదు. మంచావిడరా. మొన్న నాకు జ్వరమొస్తే రాత్రంతా… తెలియదనే అనుకుంటున్నా. ఏమో. ఇందాక దండం పెట్టి లోపలికెళ్లింది, మళ్లీ ఇటు రాలేదు.

పత్రికలో ఎప్పుడొస్తుందా?… ఎల్లుండే. శుక్రవారం సంచికలో అన్నాడు.

ఆయనకి చెప్పాలి. మీ బావకి. ఎలా చెప్పనురా? "ఆ మాట గుమ్మం దాటనివ్వకు" అన్న మనిషికి? ఉద్యోగం పోతుంది. నీ సీటు… వాళ్లకి కావాల్సింది నీ సీటు ఒక్కటే కాదు. ఈ ఏడు మన ఊరి నుంచి ఎంతమందికి వచ్చింది?… చెల్లమ్మ టీచరు కొడుక్కి కూడానా?… అందరివీ లాగుతారు. ఒక్క పీతల కూర చూపించి, చూశారా వీళ్ల పద్ధతి ఇదీ అంటారు. బస్సులో ఆవిడ అన్నమాటకి సాక్ష్యం నేనిచ్చాను.

అటు అమ్మ లేదంది. ఇటు నేను ఉందన్నాను. ఇప్పుడు నిజం చెప్పినా అబద్ధంలాగే ఉంటుంది.

ష్… ఆగు. గేటు చప్పుడైంది.

…అతనే. సోమా అక్క తమ్ముడు. చెప్పులు విడుస్తున్నాడు. చేతిలో నా ఫోటో ఉన్న కవరు.

నువ్వు మాట్లాడకు. నేను మాట్లాడతా.

ఆ… రండి. నమస్కారం… తమ్ముడే, ఊరి నుంచి…

కుగన్. "తమ్ముడికి నా అభినందనలు చెప్పండి" అంటున్నాడు. తమిళంలో.

గొంతు తగ్గించి చెబుతున్నా విను, మనలాగే మాట్లాడుతున్నాడురా. ఆదివారం ఒక్క ముక్క రాదన్నాడు. నేను చేతులు తిప్పుకుంటూ, మాటలు వెతుక్కుంటూ చెబుతుంటే చూస్తూ కూర్చున్నాడు.

…ఏమండీ?… ఆ, పేరాదెనియాకే… ఆ, ఇప్పుడే తెలిసింది.

కుగన్, నీ పరీక్ష నంబరు ఎంతో అడుగుతున్నారు. రాసుకుంటారట. ముచ్చటగా ఉంటుందట.

…లేదండీ, గుర్తు లేదంటున్నాడు. వీడికి ఏదీ గుర్తుండదు. బ్యూరెట్‌లో బుడగ కూడా చూసుకోని మనిషి… హహ… ఆ.

…సోమా అక్క గుమ్మం దాకా వచ్చింది. నావైపు చూడడం లేదు.

హలో, ఆపరేటర్? అయిపోయిందా? ఒక్క మాటండీ, ఒక్కటే మాట, ఇది చెప్పి పెట్టేస్తాను.

కుగన్, విను. ఇప్పుడు నేను అనేదానికి నువ్వు ఊఁ అను చాలు. గట్టిగానే చెబుతున్నా, వారికీ వినపడాలి.

అమ్మ నా చేతి కూర ఎలా ఉంటుందో వారికి తెలియాలని అంటోంది కదూ?… ఊఁ అను.

ఆ. అందుకని రేపు మధ్యాహ్నం వారు మా ఇంట్లో భోజనం చేస్తున్నారు. అవునండీ, మిమ్మల్నే. కాదనకూడదు. కొత్త కాపురం, ఇంతవరకూ బయటివాళ్లెవరూ మా ఇంట్లో చెయ్యి కడగలేదు. కుర్చీ సోమా అక్కనడిగి తెస్తాను. శుక్రవారం లోపల… అంటే, మీకు వీలున్నప్పుడే రాసుకోవచ్చు, ముందు తినండి.

…వస్తానంటున్నారు కుగన్. నవ్వుతున్నారు. "పీతలేనా?" అంటున్నారు.

ఆ. పీతలే. రేపు తెల్లారకుండా చేపల సంతకి వెళ్తాను, నేనే ఏరి తెస్తాను. మునగాకు పక్కింటి గోడ మీంచి కోస్తాను. అప్పుడెలా వండానో అలాగే.

…లేదు, ఏడవడం లేదు.

అప్పుడు ఎవరికి వండుతున్నానో కూడా తెలీదురా నాకు. పాట పాడుకుంటూ వండాను. రేపు మాత్రం తెలిసే వండుతాను.

పెట్టేస్తున్నా. ఉత్తరం జాగ్రత్త. అమ్మకి… అమ్మకి ఏమీ చెప్పకు.