ట్యాంకులోకి గాలి

స్కోఫీల్డ్స్‌లో శేషగిరి ఇంటి గ్యారేజీ. షట్టర్ దించి ఉంది; పక్క తలుపూ కిటికీలూ బార్లా తెరిచి ఉన్నాయి. మధ్యలో రెండు సీట్ల చిన్న కారు. డబ్బాల్లో వచ్చిన విడిభాగాల్ని ఆయన భార్య ఉదయలక్ష్మి ఒక్కొక్కటే బిగించి ఇంట్లోనే కట్టింది. అది రోడ్డెక్కడానికి పనికొస్తుందో లేదో చూసి సంతకం పెట్టడానికి సృజన అనే ఇంజనీరు వచ్చింది. ఇంజన్ ఇప్పుడే ఆగిపోయింది.

“మళ్ళా ఆగింది.”

“ఆగింది.”

“ఇందాక కూడ గిట్లనే. మంచిగ స్టార్టయింది, మంచిగ తిరిగింది, ఉన్నట్టుండి దగ్గి ఆగింది. ఇంతకుముందు ఎప్పుడన్న గిట్ల అయిందా అంకుల్?”

“నాకు తెలీదమ్మా.”

“ఆంటీకి తెలుస్తది గదా. ఒకసారి పిలుస్తరా?”

“లేదు.”

“బయటికి పోయిన్రా?”

“ఆ... టీ తాగుతావా?”

“వద్దంకుల్, తాగే వచ్చిన. శనివారం కదా, షాపింగ్‌కు పోయినట్టున్నరు. వచ్చేదాకా మనం చూద్దాం. పెట్రోల్ ఉన్నదా?”

“నిండా ఉంది. నిన్న క్యాన్‌తో తెచ్చి పోశాను.”

“అయితే పెట్రోల్ కాదు. ఇటు వెనక్కి రండ్రి. ఈ ట్యాంక్ మూత తిప్పుండ్రి. మెల్లగ. చెవి దగ్గర పెట్టుండ్రి... విన్నరా?”

“ఏదో పీల్చినట్టుంది.”

“ఆ. గాలి లోపలికి పీల్చుకున్నది. ఇప్పుడు మూత అట్లనే వదిలిపెట్టి తాళం తిప్పుండ్రి.”

“తిరుగుతోంది.”

“చూసిన్రా! ఇగ ఆపెయ్యుండ్రి. మూత తీస్తే తిరుగుతది. మూత పెడితే కొద్దిసేపటికి ఆగుతది. ట్యాంక్‌లకెళ్ళి పెట్రోల్ పోయిన కొద్దీ ఆ జాగలకు గాలి రావాలె. రాకుంటే పంపు ఎంత గుంజినా పెట్రోల్ రాదు. పిల్లలు జ్యూస్ ప్యాకెట్‌కు స్ట్రా పెట్టి గుంజితే ప్యాకెట్ లోపలికి ముడుచుకుంటది చూడుండ్రి, గట్ల.”

“ఓహో.”

“అందుకే ట్యాంక్ నెత్తి మీదికెళ్ళి సన్న పైపొకటి పెడ్తరు. వెంట్ పైపు. గాలి వచ్చిపోయేటందుకు.”

“పెట్టింది తను.”

“పెట్టిన్రు. ఇగో, ఇది. పైకి పోయి, ఇట్ల తిరిగి, వెనక చక్రం దిక్కు దిగింది. కారు బోర్లా పడ్డా పెట్రోల్ కారకుంట మూసుకునే వాల్వ్ కూడ ఉన్నది. అంతా పర్ఫెక్ట్.”

“మొదట ఆ పైపు సీట్ల వెనకే వదిలింది. ఇల్లంతా పెట్రోల్ కంపు. పప్పులో కూడా అదే వాసన అన్నాను. మూడ్రోజులు మాట్లాడుకోలేదు. తర్వాత మార్చింది.”

“ఇట్ల వెనక్కి పెట్టుడే కరెక్ట్. లోపల ఉంటే నేను అప్పుడే ఫెయిల్ చేద్దును. మరి గాలెందుకు పోతలేదు? ఎక్కడ్నో పైపు నలిగినట్టున్నది. ఆంటీ వంపు తిప్పేటప్పుడు జర గట్టిగ తిప్పిన్రేమో.”

“తను అలా తిప్పదు.”

“కావాలని కాదంకుల్—”

“తిప్పదమ్మా. పైపులో ఇసుక నింపి, రెండు చివర్లూ మూసి, అప్పుడు వంచేది. నలక్కుండా.”

“అట్లనా! మీరు చూసిన్రా?”

“ఇసుక పళ్ళెం పట్టుకునేవాణ్ణి.”

“ఇద్దరు కలిసి కట్టిన్రన్నట్టు.”

“లేదు. నేను పళ్ళెం పట్టుకునేవాణ్ణి. టార్చి పట్టుకునేవాణ్ణి. మిగతాదంతా తనే.”

“ఆంటీ ఫోన్‌ల గదే అన్నరు. ‘మా ఆయన మంచి టార్చి స్టాండు’ అని.”

“అందా?”

“మస్తు నవ్వించిన్రు. కాకినాడల మెకానికల్ చదివి, ఇక్కడికొచ్చి బ్యాంకుల పడ్డరంట కదా. ఇన్నేండ్లకు మళ్ళా స్పానర్ పట్టిన అన్నరు. నాదీ మెకానికలే. ఇగ మా ముచ్చట తెగలేదు.”

“నాకు చెప్పలేదు.”

“ఏంది?”

“టార్చి స్టాండు అని.”

“సరదాకే లేండ్రి. ఆగుండ్రి, ఆంటీకే ఫోన్ కొడ్త. ఈ పైపుకు నడుమ జాయింటేమన్న ఇచ్చిన్రా అని అడిగితే, మొత్తం ఇప్పే పని తప్పుతది.”

“వద్దు.”

“ఒక్క నిమిషమే—”

“వద్దమ్మా. ఇప్పెయ్. పర్లేదు, ఇప్పేసి చూడు.”

“రింగయితుంది... అంకుల్, ఇక్కడ్నే మోగుతున్నది ఎక్కడ్నో.”

“ఆ.”

“మీ జేబుల.”

“ఆ. తన ఫోనే.”

“మర్చిపోయి పోయిన్రా?”

“కట్ చెయ్యమ్మా. మోగుతోంది.”

“చేసిన. అంకుల్, ఆంటీ ఎటు పోయిన్రు?”

“పోయింది.”

“అదే, ఎటు—”

“మా వైపు పోయిందంటే అంతేనమ్మా. డిసెంబర్లో.”

“అంకుల్...”

“పారమట్టాలో, బ్యాంకులోనే. భోంచేసి సీట్లో కూర్చుందట. తలలో నరం చిట్లిందన్నారు. హాస్పిటల్ దగ్గరే. అయినా.”

“నేను నవంబర్‌లనే కదా మాట్లాడిన. నాకు తెల్వదంకుల్. నిన్న కన్ఫర్మ్ మెసేజ్ పెడితే ‘ఎస్, సీ యూ టుమారో’ అని వచ్చింది.”

“నేనే కొట్టాను.”

“ఒక్క మాట చెప్తే డేట్ మార్చేదాన్ని కదా.”

“నీ డేటు దొరకడం కష్టం అంది తను. దొరికిన రోజున పాయసం చేసింది. మొన్న తన ఫోన్ గంట కొట్టింది, ‘ఇన్‌స్పెక్షన్’ అని. ఏం చెయ్యాలో తోచలేదు. వెళ్ళి పెట్రోల్ తెచ్చాను.”

“ఇంట్ల ఎవరున్నరు మీతోని?”

“ఎవరూ లేరు. అమ్మాయి లాస్య పెర్త్‌లో. వచ్చింది, ఉంది, వెళ్ళింది. రోజూ ఫోన్ చేస్తుంది. ‘సెల్ ఇట్ డాడ్’ అంటుంది.”

“ఇల్లా?”

“కారు.”

“అమ్ముతరా?”

“ఏమో. లాస్యకి నా మీద కోపం. ‘యూ ఆర్ సో కామ్’ అంది. అంత్యక్రియలప్పుడు. అందరూ ఏడుస్తున్నారు. నేను పార్కింగ్ ఎక్కడ దొరుకుతుందో వచ్చినవాళ్ళకి చెబుతున్నాను.”

“మీరు ఏడ్వలేదా?”

“రాలేదు. వస్తుందేమో అని కూర్చుంటాను అప్పుడప్పుడు. తర్వాత లేచి గిన్నెలు కడుక్కుంటాను.”

“అంకుల్, జర కూసోండ్రి. మంచినీళ్ళు తెస్త.”

“ఎందుకు? బానే ఉన్నాను. అందరూ కూర్చోమంటారు. పైపు ఇప్పు.”

“ఇయ్యాల వద్దు. ఇంకో రోజు వస్త.”

“ఇప్పమ్మా. నేను టార్చి పట్టుకుంటాను.”

సృజన టార్చి ఆయన చేతికిచ్చింది. తర్వాత చేతులకు గ్లవ్స్ తొడుక్కుంది.

“ఇప్పేముందు పైపు చివర చూద్దాం. వెనక చక్రం మీద, లోపలికి. టార్చి అటు... జర పైకి. చాలు. అంకుల్, ఇదేంది?”

“మట్టిలా ఉంది.”

“మట్టే. పైపు మూతి నిండ మట్టి. కందిరీగ! గూడు కట్టుకున్నది. ఇక్కడ డిసెంబరంటే ఎండకాలం. ఆ ఎండకాలమంత కారు కదలలేదు కదా.”

“ఈ షట్టర్ తియ్యనేలేదు డిసెంబర్ నించీ.”

“కింద సందున్నది. అదే దాని దర్వాజ.”

“అయితే పైపు నలగలేదా?”

“నలగలేదు. ఆంటీ తప్పేం లేదు. నేనే తొందరపడి అన్న. సారీ అంకుల్.”

“చెప్పాను కదా.”

“చెప్పిన్రు.”

“ఇసుక నింపి వంచేది.”

“అవునంకుల్. ఇగో, ఈ సన్న తీగతోని గీకుండ్రి. లోపలికి తొయ్యొద్దు, బయటికి గుంజాలె. టార్చి నాకియ్యుండ్రి.”

“నేనా?”

“నేను ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన. రిపేర్ నేను చెయ్యొద్దు. చెప్త, మీరు చెయ్యుండ్రి.”

“రాలుతోంది... గట్టిగా ఉంది. ఇవేంటి లోపల? సాలీళ్ళా?”

“ఆ. కందిరీగ పట్టుకొచ్చి దాస్తది. దాని పిల్లలు తినేటందుకు.”

“చచ్చిపోయాయా?”

“చంపదు. కుట్టి వదిలేస్తది. బతికే ఉంటయి. కదలలేవు.”

“ఎన్నాళ్ళు?”

“తెల్వదంకుల్.”

“ఇది కాలు కదిపింది.”

“అవునా? ఏది?”

“లేదు. తీగ తగిలి కదిలింది.”

“మెల్లగ. తొందరేం లేదు.”

“అయిపోయినట్టుంది. తీగ పూర్తిగా వెళ్తోంది.”

“గాలి కొట్టి చూద్దాం. సైకిల్ పంపున్నదా?”

“లాస్యది ఉంది. చిన్నప్పటిది.”

“మీరు ఇక్కడ కొట్టుండ్రి, నేను ట్యాంక్ మూతి కాడ నిలబడ్త. ఆ... కొట్టుండ్రి... వస్తుంది! చెయ్యికి తగుల్తుంది. మంచిగ వస్తుంది అంకుల్.”

“ఇంకా కొడతాను.”

“చాలు.”

“ఇంకా మట్టి ఉందేమో.”

“లేదు. చాలు... అంకుల్, చాలు, ఆపుండ్రి.”

“ఆ.”

“చెమట తుడుచుకోండ్రి. ఈ మూతికి ఒక సన్న జాలీ కట్టాలె. లేకుంటే మళ్ళా వస్తది. హార్డ్‌వేర్ షాపుల దొరుకుతది.”

“టీ వడకట్టేది పనికొస్తుందా?”

“స్టీలుదా?”

“స్టీలుదే. రెండున్నాయి. అల్లం ఘాటు నాకు పడదని తనది వేరు, నాది వేరు. ఒకటి చాలు ఇప్పుడు.”

“మీది కట్ చేద్దాం అంకుల్. ఆంటీది ఉంచుకోండ్రి.”

“అంతేనంటావా?”

“అంతే.”

ఆయన వంటింట్లోకి వెళ్ళి చాలాసేపటికి వచ్చాడు. చేతిలో రెండూ ఉన్నాయి.

“ఏది ఎవరిదో మర్చిపోయాను.”

“వాసన చూడుండ్రి.”

“...ఇది తనది.”

“అయితే అది పక్కకు పెట్టుండ్రి. ఇది ఇటియ్యుండ్రి, ఎంత కొయ్యాలెనో గీత గీస్త. కత్తెర మీరే పట్టుకోండ్రి. ఆ, అంతే. మూతికి చుట్టి క్లిప్పు బిగించుండ్రి. మరీ గట్టిగ వద్దు, గాలి ఆడాలె.”

“చాలా?”

“చాలు. ఇగ ట్యాంక్ మూత గట్టిగ పెట్టి స్టార్ట్ చెయ్యుండ్రి. ఇప్పుడు ఆగితే వేరే ఏదో ఉన్నట్టు. ఆగకుంటే పాసయినట్టు.”

“తిరుగుతోంది.”

“తిరగనియ్యుండ్రి. ఈలోపల నేను సీటు బెల్టులు మళ్ళొకసారి చూస్త... ఇది ఆంటీ కుట్టిందా, ఈ సీటు కవరు?”

“తనే. మిషన్ సూదులు రెండు విరిగాయి. ఇంకా ఆగలేదు కదా?”

“లేదు. ఇంతకుముందు తిరిగినంత సేపు ఎప్పుడో దాటింది.”

“ఆగదా ఇంక?”

“ఆగదు. ఆపెయ్యుండ్రి, చాలు. వెంట్ ఓకే. అంకుల్, ఒక్కటి చెప్పాలె. నేను చానా కార్లు చూస్త. ఇంట్ల కట్టినయి ఫస్ట్ టైమ్‌కే పాసయ్యేవి తక్కువ. ఆంటీ పని మస్తు నీటుగున్నది. ఊరికే అంటలేను.”

“ఆ.”

“ఇగ బ్రేకులొక్కటే మిగిలింది. షట్టర్ లేపుత. కారు డ్రైవ్‌వే చివరిదాకా తీసుకపోయి ఆపుండ్రి. నేను పక్కకు నిలబడి చక్రాలు చూస్త.”

“ఇవాళే చూడాలా?”

“అది చూస్తేనే సంతకం.”

“నువ్వే తీసుకెళ్ళకూడదా?”

“నేను లోపల కూసుంటే చక్రాలు ఎట్ల కనపడ్తయి?”

“అదీ నిజమే.”

“నాలుగడుగులే కదా. రిజిస్ట్రేషన్ లేకున్నా మీ జాగల మీరు నడపొచ్చు, ఎవరేమనరు.”

“అందుకు కాదు.”

“ఆంటీ కూసోవాల్సిన సీటు అని అనిపిస్తుందా? మీకు మనసు రాకుంటే బలవంతం లేదు. నేను ఫైల్ ఓపెన్ పెడ్త. లాస్య వచ్చినప్పుడు చేద్దాం. అమ్ముదామనుకున్నా, కొనెటోళ్ళు వచ్చి—”

“అమ్మను.”

“సరే.”

“షట్టర్ తియ్యి.”

“నిజంగనా?”

“తియ్యమ్మా.”

“తీసిన. అబ్బ, ఎండ కండ్లల్ల కొడుతుంది... ఎక్కుండ్రి. అంకుల్, అటు కాదు. అది ప్యాసింజర్ సీటు. స్టీరింగ్ ఇటున్నది.”

“అలవాటైపోయింది.”

“ఏం అలవాటు?”

“ఇటు ఎక్కడం. నాకు డ్రైవింగ్ రాదమ్మా. స్టేషన్‌కైనా, గుడికైనా, ఈ దేశంలో ఎక్కడికైనా తనే తీసుకెళ్ళేది... జరుగు, అటొస్తున్నాను. ఇదిగో, కూర్చున్నాను. కాళ్ళ దగ్గర మూడున్నాయి. ఏది తొక్కితే కదులుతుందో చెప్పు.”