ముగింపు ఎవరు చెప్పారు?

సభకు అధ్యక్షత వహిస్తున్న మేడమ్ గారికి, వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరసల్లో అప్పుడే కునుకు తీస్తున్న తోటి ఉద్యోగులకు నమస్కారం.

ఈ పూలగుత్తి చూస్తుంటే నాకు అనుమానంగా ఉంది. ఉన్నన్నాళ్లూ సరైన కుర్చీ కూడా ఇవ్వని ఆఫీసు, పోయే రోజున ఇంత ప్రేమ ఒలకబోస్తోందంటే ఏదో ఉంది. (నవ్వులు) నవ్వకండి, నేను అనుమానం అమ్ముకుని బతికినవాణ్ని.

మీలో చాలామందికి నేను వాతావరణ వార్తలు, తప్పిపోయినవారి ప్రకటనలు రాసే మనిషిగానే తెలుసు. అంతకుముందు, మన టెలివిజన్ కొత్తగా వచ్చిన రోజుల్లో, వారానికో అపరాధ కథ, కొత్త పాత్రలు, కొత్త హంతకుడు అంటూ ఒక కార్యక్రమం వచ్చేది. కథలు నావి, దర్శకత్వం మేడమ్ గారిది. రికార్డింగులూ గట్రా లేవు, స్టూడియోలో నటిస్తుంటే అదే నిమిషంలో ఇళ్లలో కనిపించేది. మొదట్లో జనం ఊపిరి బిగబట్టి చూశారు. తర్వాత ఏ పురుగు తొలిచిందో, కథ సగంలో ఉండగానే ఫోన్లు మొదలయ్యాయి. "మేనత్తే కదండీ చంపింది?" అని ఒకరు. "డాక్టరే కదా? ఇంక ఆపండి, మాకు వేరే పనుంది" అని ఇంకొకరు. (నవ్వులు)

నటులకు ఆఖరి పేజీ ప్రసారం రోజునే ఇచ్చేవాళ్లం. ముందుగా తెలిసేది మా ఇద్దరికే. మేడమ్‌ని ఎవరు అనుమానిస్తారు చెప్పండి? ఆవిడే మీటింగు పెట్టి, "ఈయన ఇంట్లో కథ చదివి వినిపిస్తాడు. వాళ్లావిడ నోట్లో మాట దాగదు, వీధంతా చాటింపు వేస్తుంది" అన్నారు. నేను గొంతు చించుకున్నాను. వింటేనా! నన్ను తీసుకెళ్లి వాతావరణంలో పడేశారు. ఆ వారం ఒక్క ఫోనూ రాలేదు. "చూశారా, దొంగ దొరికాడు" అన్నారు అందరూ. కార్యక్రమం ఆ వారంతోనే ఎత్తేశారు, అది వేరే సంగతి.

మా ఆవిడ అప్పటిదాకా వసపిట్ట. మెట్ల మీద ఎవరు ఎదురైనా నిలబెట్టి కబుర్లు చెప్పేది. ఆ మాట చెవిన పడ్డాక తలుపేసుకుంది. పెద్దమ్మాయి పెళ్లి కుదిరితే సొంత చెల్లెలికి చెప్పడానికి కూడా జంకి, "ఎందుకులెండి, మళ్లీ నా నోటి మీదికే వస్తుంది" అంది. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

నేనేమో అందర్నీ అనుమానించాను. లైట్ల ఆయన్ని, మేకప్ అమ్మాయిని, ఎప్పుడూ శవం వేషం వేసే పెద్దాయన్ని కూడా. ఇక్కడే ఉన్నారు, ఏమనుకోకండి సార్, చచ్చిపడున్నప్పుడు కూడా మీ ఒక కన్ను తెరిచే ఉండేది. (నవ్వులు)

పోయిన నెల, వెనక గేటు ఎదురుగా ఉన్న టీ కొట్టు ఓనరు, నేను రిటైరవుతున్నానని తెలిసి కూర్చోబెట్టి పాత కబుర్లు తీశాడు. "సార్, మీ సీరియల్ నడిచిన రోజులే రోజులు! వేషం అయిపోయినవాళ్లు అయిపోయినట్టు మొహాన రంగుతోనే టీకి వచ్చేసేవాళ్లు. చచ్చినాయన అందరికంటే ముందు. నా కొట్లో టీవీ ఉండేది కదా, అందులో కనిపించినవాళ్లలో ఇంకా ఎవరు టీకి రాలేదో చూసుకుని, ఆ మనిషే హంతకుడని మా కొట్టుకొచ్చేవాళ్లు మీకు ఫోన్ కొట్టేవాళ్లు!"

ఓరి నాయనో, ఇంతేనా అనుకున్నాను. నవ్వేసి వచ్చేసేవాణ్నే. కానీ ఆయన ఆగలేదు. "ఓ రోజు మీ మేడమ్‌కి నేనే చెప్పేశాను. ఆవిడ ఆ వారం ఎవర్నీ బయటికి పంపకుండా, టీ ఫ్లాస్కులో లోపలికే తెప్పించుకున్నారు. ఆ మరుసటి వారం నుంచి మీ సీరియలే లేదు."

అంటే మేడమ్, ఫోన్లు ఆగింది నన్ను తీసేసినందుకు కాదు. అది మీకు తెలుసు. తెలిసి కూడా మా ఆవిడ మీద పడ్డ మాటను అలాగే ఉండనిచ్చారు. ఆ మంచినీళ్ల గ్లాసు అందుకోకండి, నా కథల్లో దోషులు సరిగ్గా ఇప్పుడే దప్పికంటారు.

నాకు కోపం ఉంది, దాచను. అయినా పోయిన ఉద్యోగం అడగను. అదిగో, తలుపు పక్క కుర్చీలో ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుందే, ఆవిడే మా ఆవిడ. ఈ సంగతి మీతోపాటు ఇప్పుడే వింటోంది. ఇంట్లో నేను చెబితే మొగుడు ఓదార్చాడనుకుంటుంది. మీరు చెబితేనే నమ్ముతుంది.

వచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మేడమ్, ఇదిగో మైకు. మీరు ఆవిడతో మాట్లాడాకే నాకు సెలవు.