మూడంగుళాల తేడా

సబ్బవరం దగ్గర, చెల్లెలి మొగుడి పొలంలో నిలబడి, లాన్ల పనులు పట్టే కాంట్రాక్టరు టేపు చుట్టి, చీటీలో పన్నెండంగుళాలని వేశాడు.

"అపార్ట్‌మెంట్ల లాను అరెకరం బావా, మట్టి మందం అడుగు. నీ అరెకరంలో అడుగు లోతు తీత్తే సరిపోతాది."

"సాలదు బావా. ఇది ఏళ్ల తరబడి దున్ని దున్ని గుల్లయిన మట్టి. నాలుగు తడులు పెడితే మూడంగుళాలు దిగిపోతాది. పదిహేను రాసుకో."

కాంట్రాక్టరు పెన్ను ఆగింది. మట్టి దిగుతుందన్న సంగతి అతను మరిచాడు, ఇచ్చేవాడే గుర్తుచేశాడు.

"పదిహేను తీసేత్తే కింద ఏటి మిగుల్తాది?"

"కంకర."

"మరి వరి ఊడుపుల మాటేటి?"

"ఊడ్సి మూడేళ్లయినాది. పైన లేఅవుటేసినోళ్లు కాలవ పూడ్సీసినారు. నీళ్లెక్కడివి?"

"మా సెల్లికి సెప్పినావా?"

"సెప్పినాను. పొద్దున్నుంచి నాతో మాటాడ్డం నేదు."

కాంట్రాక్టరు పన్నెండు కొట్టేసి పదిహేను వేశాడు. అంకె వంకరగా పడింది.

"ఒక్క మాట బావా. ఆ లానుకి మాలీ కావాలన్నావు కదేటి?"

"అవును. ఎవురైనా ఉన్నారా?"

"నన్నెట్టు. ఆ మట్టి ఎప్పుడు నీళ్లడుగుతాదో నాకు తెలుసు."