‘పర్వాలేదు’ అనే మాట కొట్టేసిన మనిషి

ఈ ఉదయం జాయిస్ గారి దగ్గర తాళంచెవి తీసుకుని, కోర్టు భవనం కింది అంతస్తులో ఉన్న ఆవిడ భర్త డ్వేన్ గారి ఆఫీసు గది తెరిచాను. ఎవరో తలుపు కింద నుంచి తోసిన కవరు ఒకటి నేల మీద పడి ఉంది. దాని మీద పెన్సిలుతో ఇలా రాసి ఉంది: "డ్వేన్, తొందరేం లేదు."

అది రాసినవారు ఈ హాల్లోనే ఉన్నారనుకుంటాను. పేరు చెప్పను. కవరు నా దగ్గర భద్రంగా ఉంది.

పెద్దలారా, మిత్రులారా, రోడ్ల మీద మంచు ఇంకా తీయకపోయినా ఇంతమంది వచ్చారు. కుర్చీలు చాలక గోడవారన నిలబడ్డారు. డ్వేన్ టోలెఫ్సన్ గారి కుటుంబం తరఫున మీకు కృతజ్ఞతలు. మొన్న బుధవారం ఆయన తన బల్ల దగ్గరే గుండె ఆగి చనిపోయారు. ఈ హాల్లో ఆయన సాయం అందని ఇల్లు ఉందా? నాకు తెలిసి లేదు.

నేను క్లారిస్‌ని. లైబ్రరీలో పనిచేస్తాను. మీలో చాలామంది నన్ను చూసి ఉంటారు, నా గొంతు విని ఉండరు. అడిగితేనే మాట్లాడాలని కాన్వెంటులో సిస్టర్లు నేర్పారు. ఈసారి జాయిస్ గారు అడిగారు.

డ్వేన్ గారి ఉద్యోగం భూముల దస్తావేజులు నమోదు చేయడం. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లు సైన్యం నుంచి విడుదలైనట్టు ఇచ్చే డిశ్చార్జి కాగితాన్ని కూడా ఆయన ఆఫీసు పుస్తకంలోనే ఎక్కించుకునేవారు. వాళ్లకు ఆయన సాయం చేయడం అలా మొదలైంది. సెయింట్ లూయిస్‌లో సైన్యం రికార్డులు కాలిపోయి ముప్పై ఏళ్లయింది. మన జిల్లా నుంచి ఎవరు రాసినా ఒకటే జవాబు వచ్చేది: మీ రికార్డు ఆ మంటల్లో పోయి ఉండవచ్చు. ఆ ఉత్తరం అందుకుని మనవాళ్లు ఏం చేశారు? మళ్లీ అడిగారా? గట్టిగా నిలదీశారా? మడిచి డ్రాయరులో పెట్టారు. పాలు పితకడానికి వెళ్లిపోయారు.

ఎమిల్ ప్రొహాస్కా గారు ఆ ఉత్తరాన్ని పదకొండేళ్లు డ్రాయరులో ఉంచారు. ఆయన సంగతి ఇక్కడ చెప్పవచ్చా అని నిన్న అడిగాను. "చెప్పెయ్యమ్మా, ఊరందరికీ తెలిసిందేగా, తెలియనిది నా ఒక్కడికే" అన్నారు. అందుకని చెబుతున్నాను.

కొరియా యుద్ధంలో, పందొమ్మిదివందల యాభై చలికాలంలో ఎమిల్ గారి పాదాలు గడ్డకట్టాయి. పుస్తకంలో డిశ్చార్జి ఉంది. ఆయన సైన్యంలో ఉన్నారని అది చెప్పింది. పాదాలకు ఏమైందో చెప్పలేదు. పింఛను దరఖాస్తుకు ఆ రెండో సంగతే కావాలి. "కాగితం కాలిపోయింది, ఇంకేముంది" అన్నారట ఎమిల్ గారు. డ్వేన్ గారు ఊరుకున్నారా? "కాలింది కాగితంరా. నీ కాళ్లు నీ దగ్గరే ఉన్నాయిగా. బూట్లు విప్పు, చూస్తాను" అన్నారట. ఇద్దరూ ఒకే బడిలో ఒకే బెంచీ మీద చదివారు.

నేను డ్వేన్ గారిని ఎరిగింది అప్పుడే. మన వారపత్రిక పాత సంచికలను ఫొటోలు తీసి దాచిన ఫిల్ము కావాలని లైబ్రరీకి వచ్చారు. ఆ రోజుల్లో ప్రతి పల్లె నుంచీ ఒకావిడ పత్రికకు కబుర్లు రాసేది. ఆదివారం ఎవరింటికి ఎవరు భోజనానికి వెళ్లారు, ఎవరి ఆవు తప్పిపోయింది, ఎవరికి జలుబు చేసింది. తొమ్మిది శనివారాలు ఆయన ఆ కబుర్లు చదివారు. నేను ఫిల్ము చుట్టలు మార్చి ఇచ్చేదాన్ని. ఒక్కోసారి తనలో తాను నవ్వుకునేవారు. "మా అత్తగారికి రెండుసార్లు జలుబు చేసిందట. నాకెవరూ చెప్పలేదే" అనేవారు.

తొమ్మిదో శనివారం దొరికింది. ఒకరింట్లో కాఫీ విందుకూ, చర్చిలో ఎవరో మరిచిపోయిన చేతితొడుగుకూ మధ్య రెండు వాక్యాలు: "ప్రొహాస్కా దంపతుల కొడుకు ఎమిల్ పాదాలు గడ్డకట్టి జపాన్‌లో సైనిక ఆసుపత్రిలో ఉన్నాడు. తాను బాగానే ఉన్నానని తల్లికి రాశాడు."

లైబ్రరీలో ఎప్పుడూ గొంతెత్తని మనిషి, "దొరికాడు!" అని అరిచారు. తర్వాత రెండో వాక్యం మళ్లీ చదివారు. "బాగానే ఉన్నాడట! వేళ్లు నల్లబడి మంచాన పడి కూడా బాగానే ఉన్నాడట! చూశావా అమ్మాయ్, వీళ్లతో ఎలా వేగాలి?" అన్నారు.

ఆ రెండు వాక్యాలనూ పింఛను ఆఫీసువాళ్లు సాక్ష్యంగా ఒప్పుకున్నారు. పరీక్షకు రమ్మని ఎమిల్ గారిని పిలిచారు. పక్క జిల్లా నుంచి నెలకోసారి వచ్చి మాజీ సైనికుల దరఖాస్తుల మీద సంతకాలు పెట్టే ఆఫీసరు కూడా పని అయిపోయినట్టే అన్నారు. ఎమిల్ గారు ఒక్కరే నూట ఇరవై మైళ్లు వెళ్లారు. డాక్టరు అడిగారు, కాళ్లెలా ఉన్నాయని. ఎమిల్ గారు ఏమన్నారు? ఈ హాల్లో ఎవరైనా ఏమంటారో ఆయనా అదే అన్నారు. "పర్వాలేదండీ. నాకంటే కష్టంగా ఉన్నవాళ్లు ఎంతోమంది." పైగా ఇంట్లో పెట్టిన బీట్‌రూట్ ఊరగాయ సీసా ఒకటి డాక్టరుకిచ్చి వచ్చారు.

బాధ లేదని రోగే చెప్పాడని నమోదైంది. దరఖాస్తు తిరిగొచ్చింది.

డ్వేన్ గారు ఎవరినీ తప్పుపట్టలేదు. "వాళ్లనేం అంటాంరా? నువ్వు చెప్పిందే రాసుకున్నారు. ఊరగాయ బాగుందని కూడా రాసి ఉంటారు" అన్నారు. మళ్లీ పరీక్ష చేయించమని అర్జీ పెట్టించారు. ఆ తర్వాత లైబ్రరీ వెనక గది అడిగారు, గురువారాలకు.

మిత్రులారా, ఆ గదిలో ఏం జరిగేదో మీలో కొందరికి తెలుసు. డ్వేన్ గారు డాక్టరులా కూర్చునేవారు. ఎదురుగా ఎమిల్ గారు, ఇంకో నలుగురైదుగురు. చేతిలో ఎర్ర పెన్సిలు. కాళ్లెలా ఉన్నాయి? "పర్వాలేదు." పెన్సిలుతో బల్ల మీద ఒక్కటి కొట్టి, కాగితం మీద ఆ మాట కొట్టేసేవారు. మళ్లీ చెప్పు. "అంత బాగా లేవు, కానీ..." ఆ ‘కానీ’ని కూడా కొట్టేసేవారు. "ఫిర్యాదు చెయ్యమనడం లేదురా. ఉన్నది చెప్పమంటున్నాను. ఆవుకి పొదుగు వాస్తే పశువుల డాక్టరుతో పర్వాలేదంటావా?"

"ఆవు మాట వేరు" అన్నారు ఎమిల్ గారు. "ఆవుకి నోరు లేదు."

"నీకుందా?" అన్నారు డ్వేన్ గారు.

అందరూ నవ్వారు. నేను తలుపు దగ్గర పుస్తకాలు సర్దుతున్నట్టు నటిస్తున్నాను.

అయిదో గురువారమో ఆరోదో, ఎమిల్ గారు కిటికీ వైపు తిరిగి చెప్పారు. నేల తగిలినట్టు తెలియదని. బూటు కాలికి ఉందో లేదో కళ్లతో చూసుకోవాలని. దుప్పటి బరువు కూడా పాదాలు ఓర్చుకోలేవని. కూతురి పెళ్లిలో పోల్కా డాన్సు చెయ్యమంటే చెయ్యనన్నది అల్లుడు నచ్చక కాదు, అందరి ముందూ పడిపోతానేమోనని. ఇరవై ఆరేళ్లుగా ఆ అల్లుడు మామగారికి తనంటే పడదనే అనుకుంటున్నాడని.

డ్వేన్ గారు పెన్సిలు కింద పెట్టారు. "ఇది చెప్పు ఎమిల్. ఇదే చెప్పు. నేను పక్కనే కూర్చుంటాను" అన్నారు.

రెండో పరీక్షకు తేదీ ఇచ్చారు. పక్కన కూర్చుంటానన్న మనిషి వెళ్లిపోయారు.

ఇప్పుడు చెప్పబోయేది జాయిస్ గారు చెప్పమన్నది. నేను వద్దన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. చనిపోవడానికి ఎనిమిది రోజుల ముందు డ్వేన్ గారు క్లినిక్‌కు వెళ్లారు, బి.పి. మాత్రల కోసం. మూడు వారాలుగా ఆయనకు మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తోంది. నర్సు అడిగింది, నొప్పేమైనా ఉందా అని. జాయిస్ గారు పక్క కుర్చీలోనే ఉన్నారు.

"పర్వాలేదమ్మా" అన్నారాయన.

అంతమందికి నేర్పిన మనిషి. ఎర్ర పెన్సిలు జేబులోనే ఉంది.

నేను ఆయన్ని తప్పుపట్టడం లేదు. ఆయనా ఈ ఊరివారే. కానీ జాయిస్ గారు ఇది మీరు వినాలన్నారు. ముఖ్యంగా, గోడవారన నిలబడి కూర్చోమంటే "బాగానే ఉంది" అంటున్న మీరు.

సాయం కోసం ఆ కవరు పెట్టిన వారికి ఒక మాట. తొందర ఉందండీ. గురువారం వెనక గది తెరిచే ఉంటుంది. నాకు దస్తావేజులు తెలియవు, యుద్ధం తెలియదు. ఫిల్ము చుట్టలు మార్చడం తెలుసు. ఆ ఎర్ర పెన్సిలు నా దగ్గర ఉంది.

ఇక డ్వేన్ గారి కోసం కాసేపు లేచి నిలబడి మౌనంగా ఉందాం. నిలబడలేనివారు దయచేసి కూర్చునే ఉండండి. నిలబడలేమని చెప్పడానికి ఈ రోజు ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు. ఎమిల్ గారూ, మీరు కూర్చోండి.

ఎమిల్ గారి రెండో పరీక్ష సోమవారం పది గంటలకు. కారు జాయిస్ గారు నడుపుతున్నారు.