వెళ్ళేటప్పుడే తనిఖీ

చెరువుల పార్కు గేటు మూసే వేళకు, కొండ దిగి వచ్చిన ముసలామెను కాపలాదారు వరసగా ఆరో మంగళవారం కూడా ఆపాడు.

"ఆగు పెద్దమ్మా. సంచి ఇలా బల్ల మీద పెట్టు."

"మళ్ళీనా? పోయిన వారం దులిపి మరీ చూశావుగా, నాయనా."

"ఈ వారమూ చూస్తాను. నా డ్యూటీ."

"చూడు మరి. తువ్వాలు, నీళ్ళ సీసా, కళ్ళజోడు పెట్టె."

"అడుగున ఈ తెల్లటి పొడేంటి?"

"సంచన్నాక మట్టి ఉండదా?"

"ఇది మట్టి కాదు, సున్నం. నీ గోళ్ళలోనూ ఉంది."

"ఇంట్లో గోడ గీరాన్లే."

"ఈ వయసులోనా?"

"నా వయసు చూసి గోడ ఆగుతుందా?"

"మాట తిప్పకు. వచ్చినవాళ్ళంతా పడవెక్కుతారు, ఫోటోలు దిగుతారు, పోతారు. నువ్వేమో సరాసరి కొండ మీది పాత కోటకి. అక్కడేం పని?"

"గాలి బాగుంటుంది."

"చెరువు దగ్గర గాలి లేదా?"

"ఉంది. చల్లగాలి. నాకు పడదు."

"పెద్దమ్మా, నా మొహం చూసి చెప్పు. రేపు పెద్ద సారొచ్చి కోటలో చెక్కిన రాళ్ళన్నీ లెక్కపెడతారు. పొద్దున మా ఆఫీసమ్మాయి లెక్కేస్తే అయిదు తేడా వచ్చింది. అది ఎవరి మెడకు చుట్టుకుంటుంది? నా మెడకే. ఇంకా పర్మినెంటు కూడా కాలేదు నేను."

"అయిదు తక్కువా, ఎక్కువా?"

"నీకెందుకు? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నావేం?"

"నొప్పి పుడితే తడుముకోనా? తక్కువా, ఎక్కువా?"

"ఎక్కువ. ఎవరో ముందు నకిలీవి పడేసి, వాటి మాటున అసలు రాళ్ళు పట్టుకుపోవాలని చూస్తున్నారని సారు అనుమానం. నా అనుమానం నీ మీద. ఇక దాచకు..."

"అయిదు కాదు, ఆరు. ఇవాళ్టిది కలుపుకో."

"ఏంటీ?"

"పోయేటప్పుడు ఇన్నిసార్లు వెతికావు. వచ్చేటప్పుడు ఒక్కసారైనా నా సంచి చూశావా?"

"వచ్చేవాళ్ళనెవరు చూస్తారు? వస్తూ వస్తూ ఏం ఎత్తుకుపోతారు?"

"అందుకే తేగలిగాను. ఇవాళ్టిది ఏడు కిలోలు. భుజం పడిపోయిందనుకో."

"ఎక్కడివి నీకు?"

"మా ఇంటి గోడలోవి. మా ఆయన తాపీమేస్త్రీ. అప్పుడిది పార్కూ కాదు, కంచే లేదు. చెరువు కింద కూలీల క్వార్టర్లు కడుతుంటే రాయి చాల్లేదు. కొండ మీద కూలిన కోట ఉందిగా, దించుకోమన్నాడు కంట్రాక్టరు."

"బొమ్మలున్న రాళ్ళనా?"

"రాయి రాయేగా అన్నాడు. మా ఆయనకు మనసొప్పలేదు. బొమ్మకు దెబ్బా తొక్కుడూ తగలకుండా లోపలికి తిప్పి, నున్నటి వైపు బయటికి పెట్టి కట్టాడు. సున్నం అందించింది నేనే."

"ఇన్నేళ్ళూ ఊరుకుని ఇప్పుడా?"

"పోయేముందు చెప్పాడు, మనింట్లోవైనా ఎక్కడివక్కడ పెట్టెయ్యమని. మొత్తం పన్నెండు. సగం అయ్యాయి."

"నేనిది రాసివ్వాలి, పెద్దమ్మా. కోట రాయి ఇంట్లో ఉంచుకుంటే కేసవుతుంది."

"రాయి. నాదొక్కటే ఎందుకు, ఉన్నవన్నీ రాయి."

"ఇంకెవరింట్లో ఉన్నాయి?"

"మూడో వరస, చివరిల్లు. నీలం తలుపు."

"అది... అది మా ఇల్లు."

"తెలుసు. నిన్ను చంకనేసుకుని మీ అమ్మ చూస్తుంటేనే వేశాడు మా ఆయన, మీ గుమ్మం ముందు మెట్టు. తిరగేస్తే హంసల బారు ఉంటుంది. అది నా సంచిలో పట్టదు నాయనా. నువ్వే మోసుకురావాలి."