నాలుగు వేళ్ళ ఎత్తు

ఉదయం ఎనిమిది. ఇంటి ముందు వసారా. ఎదురుగా తాళం వేసిన షెడ్డు. షెడ్డు చాటున, ఇక్కడికి కనిపించకుండా, పొలం. ఇంటాయన రాత్రి టౌనులో చెల్లెలింట్లో పడుకుని ఇప్పుడే బస్సు దిగాడు. చేతిలో కొత్త లైటుంది గానీ మొహంలో వెలుగు లేదు. కాఫీ గ్లాసుతో భార్య ఎదురొచ్చింది.

“ఇంకో లైటా?”

“ఉత్త లైటు కాదే, ఫాగ్ లైటు. మంచులో కూడా దారి కనిపిస్తుంది.”

“ఏ దారండీ? షెడ్డులో ఆ గోడ నుంచి ఈ గోడకా?”

“పొద్దున్నే మొదలెట్టకు. బస్సు దిగి ఐదు నిమిషాలు కాలేదు.”

“సరే, కాఫీ తాగండి. తాగేసి ట్రాక్టర్ బయటికి తియ్యండి. నిన్న రాత్రి బెండ విత్తనాలు నానబెట్టాను. మధ్యాహ్నం లోపు దున్నితే చీకటి పడేలోపు నాటేస్తాం. రేపటి నుంచి వానలట.”

“నన్నడక్కుండా ఎందుకు నానబెట్టావు?”

“రెండేళ్ళ క్రితం మనం ట్రాక్టర్ కొన్నది దున్నడానికే అని గుర్తండీ. పొరపాటా?”

“దున్నుతాం, దున్నుతాం. అదెక్కడికి పోతుంది?”

“అదే కదా నా ఏడుపు. అదెక్కడికీ పోదు.”

“నీ కాళ్ళకి ఆ మట్టేమిటి?”

“పొలం వైపు వెళ్ళొచ్చాను. మాట మార్చకండి.”

“మార్చలేదు. అమ్మేది?”

“అత్తయ్య కూడా పొలం వైపే వెళ్ళారు.”

“ఆ మోకాళ్ళతోనా? ఎందుకు పంపించావు?”

“కూర్చుని చేసే పనేలెండి. ట్రాక్టర్ సంగతి చెప్పండి.”

“ఇవాళ కుదరదు. గ్రీజు కొట్టాను, అది కాస్త పట్టాలి.”

“గ్రీజు కొట్టింది పోయిన మంగళవారం.”

“బ్యాటరీ డౌను.”

“మొన్న రాత్రి ట్రాక్టర్ టాప్‌కి బిగించిన ఫ్యాను కింద కూర్చుని గంటసేపు మీ చెల్లెలితో ఫోన్లో మాట్లాడారు. అప్పుడు డౌనవలేదా?”

“అందుకే అయింది! నీకు మెషీను గురించి తెలీదు, ఊరుకో. అబ్బా, ఎవరిదా ట్రాక్టర్? ఇందాకట్నుంచి చెవులు తూట్లు పడుతున్నాయి.”

“ఎవరో దున్నుకుంటున్నారు. బుద్ధిమంతులు.”

“పక్క చేలోనా?”

“అటువైపే.”

“ఆ చప్పుడు విను. డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు. ఎవడో గానీ బండిని చూసుకోవడం చేతకాదు. మనది వింటే వీణే.”

“మీటితే కదా వినేది.”

“కళ్ళకి గంతలు కట్టి వంద ట్రాక్టర్ల మధ్య నిలబెట్టు, మన దాని గొంతు నేను పట్టేస్తాను.”

“పడతారు, పడతారు.”

“చప్పుడు బట్టే తెలుస్తోంది, మలుపులో మట్టి దున్నే రోటవేటర్ పైకెత్తకుండానే తిప్పేస్తున్నాడు. వెధవ. స్టీరింగు పట్టడం వచ్చిన ప్రతివాడూ డ్రైవరే!”

“పెద్దవాళ్ళేమో, అలా తిట్టకండి. పోయిన శనివారం మీరు మన చేలో రెండు చుట్లు తిప్పొచ్చానన్నారు కదా, అదైనా నిజమా?”

“నిజమే. వెన్నలా నడిచింది.”

“టైర్లకి మట్టి లేదే?”

“కడిగేశాను.”

“చేలో గడ్డి కూడా నలగలేదే? దాన్నీ కడిగి నిలబెట్టారా?”

“ఏమిటే ఈ పోలీసు వాలకం?”

“పోనీ లేవండి. షెడ్డు తలుపు తీద్దాం. బ్యాటరీ డౌనైతే నేను తోస్తాను.”

“నువ్వు ముట్టుకోకు! సెట్టింగు పోతుంది.”

“నడపడం నేర్పమని ఎన్నిసార్లడిగాను? అడిగినప్పుడల్లా ఇదే మాట. క్లచ్ తొక్కితే సెట్టింగు పోతుంది, సీటెక్కితే సెట్టింగు పోతుంది, పక్కన తుమ్మినా సెట్టింగు పోతుంది. అందులో ఒరిజినల్‌గా మిగిలిందేమైనా ఉంటే కదా పోవడానికి! సీటు మార్చారు. ముందు బంపర్. వెనక టూల్ బాక్సు, ఆ టూల్ బాక్సులో ఇంకో చిన్న టూల్ బాక్సు. ఫోన్ స్టాండు, గ్లాసు స్టాండు. మూడు రాగాల హారన్. కొత్త పెళ్ళికొడుక్కి కూడా ఇన్ని సింగారాలు చెయ్యరండీ.”

“చిన్న చిన్న పనులే. బండి మీద ప్రేమ ఉన్నవాడికి తెలుస్తుంది.”

“నాకు పొలం మీద ఉంది. పోయినేడు అద్దె ట్రాక్టర్ ఇవాళొస్తుంది, రేపొస్తుందని చూస్తూ కూర్చున్నాం. వాడికంటే ముందు వాన వచ్చింది. నానిన విత్తనమంతా బూజు పట్టిపోతే తీసుకెళ్ళి పెంటకుప్ప మీద పోశాను. ఇంట్లో ట్రాక్టర్ పెట్టుకుని! ఆ రోజు అక్కడే కూర్చుని ఏడ్చానండీ. మీరు చూడలేదు. హారన్ బిగిస్తున్నారు.”

“ఈ గ్లాసు తీసుకో, ఇక చాలు.”

“ఏమైంది, కాఫీ చల్లారిందా?”

“ఆ రోజు చెప్పి ఉంటే...”

“హారన్‌లో వినిపించేదా? ఈసారి విత్తనం కుప్పలో పొయ్యను. అందుకే అడుగుతున్నాను. ట్రాక్టర్ ఎందుకు బయటికి తియ్యరు?”

“చెప్తే నవ్వుతావు.”

“నవ్వను.”

“అమ్మకి చెప్తావు.”

“చెప్పను.”

“ఆ టాప్ ఉంది కదా...”

“ఎండ తగలకుండా వేసిన టాప్. షెడ్డులో ఎండ బాగా కాస్తుంది మరి.”

“నవ్వనన్నావు!”

“నవ్వలేదు. చెప్పండి.”

“గుమ్మం ఎత్తు కొలిచాను. రెండుసార్లు కొలిచాను. టాప్ పట్టేలాగే చేయించాను. రెండు వేళ్ళు ఖాళీ కూడా వదిలాను. షెడ్డులోనే నిలబెట్టి వెల్డింగు పెట్టించాను.”

“మరింకేం?”

“ఆ తర్వాత టైర్లు మార్చాను.”

“ఆ...”

“పెద్ద టైర్లు. వెల్డరు జాకీ పెట్టి అక్కడికక్కడే ఎక్కించేశాడు. బండికి ఠీవి వస్తుందన్నాడు. వచ్చింది. ఠీవితోపాటు ఎత్తూ వచ్చింది.”

“ఎంత?”

“గుమ్మం కంటే నాలుగు వేళ్ళు.”

“అంటే ఆ టైర్లు వచ్చిన ఈ పదిహేను రోజుల నుంచి ట్రాక్టర్ షెడ్డులో...”

“ఇరుక్కోలేదు! బయటికి రావట్లేదంతే.”

“పాత టైర్లు?”

“మార్పిడి కింద ఇచ్చేశాను.”

“టాప్ బోల్టులు విప్పేస్తే?”

“బోల్టులు లేవు. బోల్టులైతే లొడలొడలాడతాయని నాలుగు కాళ్ళకీ చుట్టూ వెల్డింగే పెట్టించాను. నిన్న టౌనంతా తిరిగాను, ఎవరైనా గుట్టుగా వచ్చి కోసిపెడతారేమోనని. ఒక్కడూ దొరకలేదు. ఒట్టి చేతులతో ఎలా వస్తాను? ఫాగ్ లైటు తెచ్చాను.”

“ఇప్పుడెలా?”

“ఆలోచించాను. గుమ్మం మీద గోడ రెండు వరసలు కొట్టేస్తే...”

“ఇల్లు కూడా అడ్డమేమో చూడండి, అదీ కొట్టేద్దాం.”

“ఇందుకే నీకు చెప్పలేదు! తల కొట్టేసినట్టుంది నాకు. ఎలాగైనా ఇవాళ దున్నాలి, ఎలాగో తెలీదు. అదిగో, ఆ డబ్బా ట్రాక్టర్ వాణ్ణి బతిమాలుదాం. పక్క చేను అవగానే మన చేలోకి రమ్మందాం. డొక్కుదైతేనేం, దున్నుతుంది కదా.”

“డొక్కుదంటారా?”

“డొక్కుదే గానీ నిజం చెప్పొద్దూ, పని చేస్తోంది. వెళ్ళి పిలువు.”

“పిలవక్కర్లేదు. వినండి, వాళ్ళే పిలుస్తున్నారు.”

“ఆ హారన్... ఒకటి, రెండు... మూడు రాగాలు! అది నా హారన్!”

“గొంతు పట్టేశారు.”

“నా హారన్ వాడికెలా వచ్చింది? షెడ్డుకి తాళం ఉంది. ట్రాక్టర్ తాళంచెవి నా జేబులో ఉంది. ఇదిగో!”

“కంపెనీవాళ్ళు రెండు తాళంచెవులిచ్చారండీ. రెండోది పప్పు డబ్బాలో ఉంది. షెడ్డు తాళానిదీ అంతే.”

“మరి టాప్?”

“నిన్న మీ బస్సు కదలగానే బండి తియ్యబోతే టాప్ గుమ్మానికి తగిలింది, ఆ వెల్డరునే పిలిచాను. ఆయనే మొత్తం చెప్పాడు, నవ్వలేక చచ్చాడు. అరగంటలో కోసేశాడు. ఇందాకంతా మీ నోటితో విందామనే అడిగాను.”

“దున్నుతున్నదెవరు?”

“తెల్లవారగానే సగం నేను దున్నాను. మిగతా సగం అత్తయ్య. రోటవేటర్ ఎత్తకుండా తిప్పేస్తున్న వెధవ మీ అమ్మే.”

“అమ్మా! అమ్మకెలా వచ్చు? నీకెలా వచ్చు?”

“మీరు సామాన్ల కోసం టౌనుకెళ్ళిన రోజులన్నీ మాకు బడి రోజులే. ట్రాక్టర్‌తో ఇచ్చిన పుస్తకం ఉంది కదా, మీరు కవరు కూడా చింపలేదు, అది చదువుకున్నాం. ఆ మెత్తటి సీటు మాత్రం చాలా బాగుందండీ. ఎక్కాక మోకాళ్ళు గుర్తే రావడం లేదంటున్నారు అత్తయ్య. హారన్ కొడితే మంచినీళ్ళు తెమ్మని.”

“నేను తీసుకెళ్తాను. మిగిలింది నేను దున్నుతాను. ఆ చెంబిలా ఇవ్వు.”

“వద్దండీ, మీరు ముట్టుకోకండి. సెట్టింగు పోతుంది.”

“మరి నన్నేం చెయ్యమంటావు?”

“షెడ్డు తలుపు తియ్యండి. మీ టాప్ పారెయ్యలేదు. లోపల నాలుగు కాళ్ళ మీద అలాగే నిలబెట్టాం. దాని కింద మీకు కుర్చీ వేశాను. ఫోన్ స్టాండూ గ్లాసు స్టాండూ ఊడదీసి దానికే బిగించాం. వెళ్ళి కూర్చోండి, ఇంకో కాఫీ తెస్తాను. ఫ్యాను మాత్రం తిరగదండీ, బ్యాటరీ పొలంలో పని మీదుంది.”